చుక్కల కుక్క, రేకు డబ్బా

ఫిబ్రవరి 11

మా కుక్క ఎర్రోడు చచ్చిపోయింది. లేచి చూస్తే పొయ్యి పక్కన బూడిదలో ముడుచుకుని ఉంది. ముసలిదే. కొబ్బరి చెట్ల వెనక పాతాం. ఈయన పార పట్టుకుని వచ్చారు, కాస్త మట్టి తీసి కూర్చుండిపోయారు. మిగతాది నేను తవ్వాను.

జీడిపూత బాగుంది. మార్చి వచ్చేసరికి పిక్క రాలుతుంది. తోటకి కుక్క లేకుండా ఎలా...

ఫిబ్రవరి 14

పలాస వెళ్లి ఈయనకి కిడ్నీల రక్తపరీక్ష చేయించాం. క్రియాటిన్ మళ్లీ పెరిగింది. ‘ఎండలో తిరగొద్దు, బరువు ఎత్తొద్దు’ — పోయినసారి అన్న మాటే. బస్సులో ఈయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఊళ్లో దిగాక ఒక్క మాట.

‘కుక్క కూడా లేదు. ఈ ఏడు తోటకి నాను వస్తాను.’

పోయినేడూ ఇలాగే వచ్చారు. పనసచెట్టు కింద కళ్లు తిరిగి పడిపోయారు. నేనూ ఎదురింటి పైడమ్మా చెరో జబ్బా పట్టుకుని ఇంటికి తెచ్చాం. ఆ పూట కొండ మీంచి ఎలుగుబంటి రాలేదు కాబట్టి సరిపోయింది. మళ్లీ అలా పడితే లేవరని డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఆ మాట ఈయనకి చెప్పలేదు.

ఫిబ్రవరి 15

కుక్క కోసం మరిదికి ఫోను చేశాను.

ఫిబ్రవరి 22

మరిది లోకనాథం విశాఖ నుంచి వచ్చాడు. అక్కడ ఎవరికో కారు నడుపుతాడు. ఆ కారులోనే, వెనక సీటులో కుక్క. తెల్లటి ఒళ్లు. పెన్ను విదిలించినట్టు ఒంటినిండా నల్లచుక్కలు. వీధిలో పిల్లలంతా కారు చుట్టూ.

‘ఇది కుక్కేటి, ఆవుపెయ్యేటి?’ — పైడమ్మ.

‘డాల్మేషియన్ అంటారక్కా. నీకు నోరు తిరగదులే.’

‘నీకు తిరిగిందేటి? ఎన్నిసార్లు తప్పు పలికి నేర్సుకున్నావో.’

ఫ్లాట్లో ఎవరో పెంచలేక ఊరికే ఇచ్చేశారట. ఊరికే ఎందుకిచ్చారని అడిగాను. పెంకిదట, డబ్బిచ్చి మాస్టరును పెట్టినా ఏమీ నేర్చుకోలేదట. ‘తోటలో తిరగడానికి దానికి సదువెందుకొదినా’ అన్నాడు.

టీ తాగుతూ ఫోనులో బొమ్మలు చూపించాడు. అక్కడ ఇప్పుడు నలుపూ తెలుపూ కలిసిన కుక్కలంటే మోజట. మంచులో బండి లాగే హస్కీ అట, దానికి ఏసీ గది. గొర్రెల్ని మళ్లేసే బోర్డర్ కోలీ ఒకటి, గొర్రెలు లేక కార్లు పెట్టే చోట పిల్లల్ని ఒక మూలకి తోలుతుందట. కళ్ల మీద జుట్టు పడే షిట్జూ, దాని నెత్తిన పిలక, పిలకకి రిబ్బను. వారం వారం మనిషి వచ్చి దువ్వి పోతాడట.

‘ఓలమ్మో. నా తలకి దువ్వెన తగిలి ఎన్నాళ్లయిందో. నన్నూ కార్లో ఎక్కించుకుపోరా’ — పైడమ్మ.

ఈయన నవ్వారు. గట్టిగానే.

ఫిబ్రవరి 23

తోటకుక్కకి మా ఊళ్లో ఒకటే పరీక్ష. వెనక టపాకాయ పేల్చడం. ఎలుగు వస్తే మనం కొట్టేది డబ్బాలు, పేల్చేది టపాకాయలు. ఆ మోతకి మనకంటే ముందు పరిగెత్తే కుక్క ఎందుకు? ఎర్రోడు పరీక్షలో తప్పింది. మంచం కింద దూరి సాయంత్రం దాకా రాలేదు. మొరుగుడు బాగుందని ఉంచుకున్నాం.

ఇవాళ దీని వంతు. అరుగు కింద నీడన పడుకుని ఉంది. ఈయనే లేచి వెళ్లి దాని వెనక టపాకాయ పెట్టి వత్తి అంటించారు. పేలింది. కాకులన్నీ లేచిపోయాయి, పైడమ్మ మనవరాలు ఏడుపు. కుక్క చెవి కూడా కదల్లేదు. కాసేపటికి పొగ ముక్కుకి తగిలి లేచింది. తుమ్మి, మళ్లీ పడుకుంది.

వీధి వీధంతా నోరు తెరిచింది. ‘దీని గుండె ఏటి గుండెరా బాబూ!’ ‘ఇంకోటి పేల్సండి సూద్దాం.’ ఇంకోటి పేల్చారు. అంతే.

చాన్నాళ్లకి మా అరుగు నిండా మనుషులు. జబ్బు వచ్చాక ఎవరూ ఇంతసేపు కూర్చోలేదు. టీ రెండుసార్లు పెట్టాను.

అందరూ వెళ్లాక ఈయన అన్నారు — ‘సరే. నా బదులు అది ఎల్తాది. నాను ఇంటికాడ ఉంటాను.’

ఆ మాట కోసం ఎన్ని రోజుల నుంచి చూస్తున్నానో.

ఫిబ్రవరి 26

సుక్కి అని పేరు పెట్టారు. పిలిస్తే రాదు. ‘పట్నం పేరు ఇంకా మర్సిపోలేదు’ అంటారు ఈయన. పట్నం పేరేమిటో లోకనాథానికీ తెలియదు.

మార్చి 2

పిక్క రాలడం మొదలైంది. వంగితే లేవడం కష్టంగా ఉంది. పండు నుంచి పిక్క తుంచి బుట్టలో, పండు చెట్టు మొదట్లో. ఆ పండ్ల వాసనకే ఎలుగులు కొండ దిగి వచ్చేది. ఎంత దూరం విసిరినా వాసన పోదు. సొన తగిలి వేళ్లు అప్పుడే నల్లబడ్డాయి.

పైడమ్మ తోట మా తోట పక్కనే, మధ్యలో గట్టు. ఇన్నేళ్లూ ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం, నడుముకి రేకు డబ్బా కట్టుకుని. చెట్టు మారినప్పుడల్లా డబ్బా కొట్టడం, ఆ తర్వాతే వంగడం. ఇవాళ పైడమ్మ డబ్బా తేలేదు.

‘సుక్కి ఉన్నాది కదా ఒదినా. ఇంకా ఈ మోత ఎందుకు, బుర్ర పగిలిపోతాది.’

నిజమే. నాకూ భుజం లాగేస్తోంది. ఇంటికొచ్చి డబ్బా కొక్కేనికి తగిలించేశాను.

మార్చి 5

తెల్ల వెంట్రుకలు. చీరకి, చాపకి, అన్నంలో కూడా.

మార్చి 9

పైడమ్మ మనవరాలు పడుకున్న కుక్క మీద చెయ్యి వేసింది. అది ఉలిక్కిపడి నోరు వేసింది. పన్ను దిగలేదు గానీ పిల్ల జడుసుకుంది. నేను కర్ర తీశాను.

‘దాన్ని కొట్టకే ఒదినా. నిద్దట్లో ముట్టుకుంటే నానూ కరుస్తాను. మా ఇంటాయన్ని అడుగు.’

మార్చి 12

సైకిలు మీద చేపలబ్బి వచ్చాడు. రోజూ లాగే వీధి మొదట్లో హారను. వీధికుక్కలన్నీ ఒక్క ఉదుటున లేచాయి. సుక్కి లేవలేదు. అవి తన పక్కనుంచి పరిగెత్తడం చూసి, అప్పుడు లేచి పరిగెత్తింది.

ఎందుకో అదే కళ్ల ముందు ఉంది.

మార్చి 13

ఈయన పడుకున్నాక మధ్యాహ్నం పెరట్లోకి తీసుకెళ్లాను. అది అటు తిరిగి ఉండగా స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. గోడ అవతల గేదె తల తిప్పింది. కుక్క తిప్పలేదు.

కాలితో నేల తన్నాను. వెంటనే తిరిగి చూసి తోక ఊపింది.

ఇవాళ ఇంతే.

మార్చి 16

గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరు వచ్చాడు. ఆవుని పట్టుకునే వంకతో పక్కకి పిలిచి అడిగాను. కుక్క వెనక చప్పట్లు కొట్టాడు, ఈల వేశాడు. చెవుల్లో లైటు వేసి చూశాడు.

‘దీనికి వినపడదమ్మా. పుట్టుకతోనే. ఈ జాతిలో కొన్నిటికి ఉంటుంది. పుట్టినప్పుడు తెల్లగా ఉంటాయి, చుక్కలు తర్వాత వస్తాయి. చెవి మాత్రం రాదు.’

మందు లేదట. తోట కాపలాకి పనికొస్తుందా అన్నాను. ‘కన్ను ఉంది, ముక్కు ఉంది. చేత్తో సైగ చేస్తే నేర్చుకుంటుంది. వెనక నుంచి వచ్చేది మాత్రం దానికి తెలీదు.’

ఎవరికీ చెప్పొద్దు బాబూ అన్నాను. ఎందుకని అడగలేదు. గేదె దగ్గరికి వెళ్లిపోయాడు.

చెప్తే ఈయన లేస్తారు. అంతే, ఇంకే కారణమూ లేదు. కుక్క పనికిరాదని తెలిసిన మర్నాడు చెప్పులు తొడుక్కుని తోటకి వస్తారు. పైడమ్మకి చెప్తే పొద్దుగుంకేలోగా ఈయనకి తెలుస్తుంది, ఆమె నోట్లో ఏదీ ఆగదు. కాబట్టి ఎవరికీ చెప్పకూడదు. మే నెల దాకా. పిక్క అయిపోయే దాకా.

మార్చి 17

డబ్బా కొక్కెం నుంచి తీశాను. పైడమ్మ గట్టు మీంచి నవ్వింది.

‘ఏటొదినా, కుక్క మీద నమ్మకం లేదేటి?’

అలవాటు అన్నాను.

‘నువ్వూ తెచ్చుకో పైడమ్మా’ అన్నాను. ‘నీ డబ్బా సాలదేటి ఇద్దరికీ’ అంది.

మార్చి 20

చెయ్యి పైకెత్తితే రావాలి, అరచెయ్యి కిందికి చూపితే కూర్చోవాలి. పైడమ్మ చూడనప్పుడు నేర్పుతున్నాను. వెంటనే పట్టేసింది. పెంకిది కాదు. దాన్ని అన్నాళ్లు తిట్టుకున్నారు కాబోలు ఆ ఫ్లాట్లో.

మార్చి 21

ఒళ్లు నొప్పులు. నిన్నటి పిక్కలు ఇంకా ఎండలో పోయలేదు.

మార్చి 23

గట్టు దగ్గర చెదపుట్ట తవ్వి ఉంది. మట్టి ఇంకా తడిగా. సుక్కి వాసన చూసి వెనక్కి అడుగు వేసింది, వీపు మీద వెంట్రుకలు లేచాయి. పైడమ్మని పిలిచి చూపించాను.

‘పందులు.’

‘పందులు ఇంత లోతు తవ్వవు.’

‘ఎలుగైతే మాత్రం ఏటి? దీని వాసన దానికి తెలిసిపోయుంటాది. ఇటు రాదు.’

ఈ మధ్య పైడమ్మ నాకంటే ముందు వెళ్లిపోతోంది తోటకి. పూర్తిగా తెల్లవారకముందే. నేను వచ్చే దాకా ఆగమన్నాను. పక్క తోటలో సుక్కి ఉంటుందన్న ధైర్యం. చుట్టూ ఏ తోటలోనూ డబ్బా చప్పుడు లేదు. నాది ఒక్కటే మోగుతోంది. మా కుక్కని చూసి మానేశారు అందరూ.

ఈయనకి ఇవాళ కాళ్లు పొంగాయి. కల్లుప్పు డబ్బా దాచేశాను. వెతుక్కుని తిట్టారు.

మార్చి 27

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెలుగు వచ్చింది గానీ ఎండ రాలేదు. పైడమ్మ అప్పటికే తన తోటలో ఉంది, పాట వినపడుతోంది. నేను ఒకసారి డబ్బా కొట్టి వంగాను. సుక్కి నా ముందు నిలబడి ఉంది, సముద్రం వైపు ముఖం పెట్టి. గాలి అటు నుంచే.

వెనక ఎండాకుల చప్పుడు. మనిషి నడక కాదు. పాట ఆగింది. తర్వాత పైడమ్మ కేక.

కుక్క అలాగే నిలబడి ఉంది. సముద్రం వైపు చూస్తూ తోక ఊపుతూ ఉంది.

డబ్బా బాదుకుంటూ గట్టు ఎక్కాను. నా అడుగులకి నేల అదిరి సుక్కీ కదిలింది, నన్ను దాటి ముందుకు పోయింది. పైడమ్మ కింద పడి ఉంది. ఎలుగు గోళ్లు ఆమె మోకాలి కింద. వెనక చిన్న ఎలుగుపిల్ల ఒకటి, పిల్లతల్లి అన్నమాట. సుక్కి ఎలుగు ముఖం ముందుకి వెళ్లాక గానీ చూడలేదు. చూసి ఆగిపోయింది. మొరిగింది. ఎలుగు రెండు కాళ్ల మీద లేచింది. నేను డబ్బా కొడుతూనే ఉన్నాను. అవతలి తోటల నుంచి ఎవరో టపాకాయలు పేల్చారు, ఒకదాని మీద ఒకటి. సుక్కి కదల్లేదు. ఎలుగు కిందికి దిగింది, పిల్లని ముందుకి తోసుకుంటూ కొండవైపు పోయింది.

పైడమ్మ కాలికి నా కొంగు చింపి కట్టాను. ఆటోలో పలాస. చీరంతా జీడిపండు వాసన, రక్తం వాసన.

డబ్బా సొట్టపోయింది.

మార్చి 28

చాలా కుట్లు పడ్డాయి. ఎముకకి ఏమీ కాలేదు. కుక్కకాటు సూదులే వేస్తున్నారట.

‘ఎలుగే నయం ఒదినా. ఈ నర్సు సూది పట్టుకు వస్తంటే గుండె ఆగిపోతన్నాది.’

నా చెయ్యి పట్టుకుంది. ‘సుక్కి లేకపోతే నాను లేను’ అంది. ఆ మాటకి నేను మంచినీళ్లు తెస్తానని లేచి వచ్చేశాను.

మార్చి 30

ఎవరో సుక్కి నుదుటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. బంతిపూల దండ కూడా. అది దండ తినేసింది.

అరుగు మీద ఈయన చెప్తున్నారు. అప్పుడు అక్కడ లేరు, అయినా అంతా చూసినట్టే. ‘ఇటు టపాకాయలు పేలతన్నాయి, అటు ఎలుగు అరస్తన్నాది. కదిలిందేటి? అంగుళం కదల్లేదు!’ వింటున్నవాళ్లు మళ్లీ చెప్పమంటున్నారు. మళ్లీ చెప్పారు. గొంతు కూడా బాగుంది ఇవాళ.

నేను లోపల బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నాను. డబ్బా మాట ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్ 1

తోటకి వెళ్లాను. ఒక్కర్తినే.

ఏప్రిల్ 4

పైడమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది, చూడ్డానికి వెళ్లాను. నెల రోజులు కాలు కింద పెట్టకూడదు. ఆమె తోటలో పిక్కలు నేల మీద పడి ఉన్నాయి, వాన పడితే మొలకెత్తిపోతాయి. ఎల్లుండి నుంచి కోడలు వెళ్తుందట. బొబ్బిలి వైపు పిల్ల. ఎలుగుని బొమ్మలో తప్ప చూడలేదు.

‘ఒదినా, పిక్కలయ్యేదాకా సుక్కిని మా కోడలికి తోడు ఇయ్యి. అదుంటే ఇక్కడ నాకు నిద్ర పడతాది. నువ్వంటే పాతదానివి, ఎలగైనా సూసుకుంటావు.’

నేను నోరు తెరిచేలోగా అవతలి నుంచి, మా అరుగు మీద నుంచి, ఈయన — ‘తీసుకుపోండి. అడగాలేటి?’

కోడలు నాతో అంది, ‘నాకు భయం లేదత్తా, మీ కుక్క కథ మా ఊళ్లో కూడా చెప్పాను’ అని.



ఏప్రిల్ 5

సాయంత్రం గొలుసు పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. చంకలో డబ్బా.

పైడమ్మ మంచం మీద, కాలు దిండు మీద. కోడలు గొలుసు అందుకుంది. సుక్కి ఆ పిల్ల పాదాల దగ్గర కూర్చుంది, నా వైపు వీపు పెట్టి. చెప్పేద్దామనే వెళ్లాను. ఇంటి దగ్గర మాటలు కూడా కూర్చుకున్నాను.

డబ్బా తీసి కుక్క వెనక కొట్టాను.

కోడలు గెంతింది. పైడమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ‘ఓలమ్మో! ఏటే నీకు, పూనకమేటి?’ అని, కుక్కని చూసి నవ్వింది. ‘సూసినావేటే కోడలా? దేనికీ బెదరదు.’

మళ్లీ కొట్టాను. ఒక అడుగు దగ్గరికి వెళ్లి కొట్టాను. దాని చెవి పక్కన పెట్టి కొట్టాను. సుక్కి ఆవులించింది.

పైడమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. మళ్లీ కొట్టాను. అప్పుడు ఆగింది నవ్వు. కుక్క చెవి చూసింది, డబ్బా చూసింది, నన్ను చూసింది.

‘ఎప్పట్నుంచి?’

‘పుట్టినప్పట్నుంచి.’

‘అది కాదు. నీకు ఎప్పుడు తెలిసింది?’

నేను డబ్బా చంకలో పెట్టుకున్నాను. ఆమె కాలి కట్టు మీద దుప్పటి లాక్కుంది.

‘గొలుసు ఇచ్చీయే కోడలా’ అంది. చిన్నగా. పైడమ్మ అంత చిన్నగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కాలు సర్దుకుని, ‘నా డబ్బా అటక మీద ఉంటాది, దింపు’ అంది.

వీధికి అవతల మా అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఈయన ఎంతసేపటి నుంచి చూస్తున్నారో. గొలుసు తీసుకుని తల వంచుకుని వచ్చేశాను. నేను వడ్డించాను, తిన్నారు. సుక్కికి ఒక ముద్ద పెట్టారు. దాని తల అటు ఇటు తిప్పి, చెవి ఒకటి వేళ్లతో ఎత్తి చూశారు.

ఏప్రిల్ 6

లేచేసరికి కొక్కేనికి డబ్బా లేదు. గడప దగ్గర చెప్పులు లేవు.

ఈయన గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉన్నారు. తలకి తువ్వాలు చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని. కాళ్ల వాపుకి చెప్పు పట్టీలు పెట్టలేదు. డబ్బా ఒళ్లో. సుక్కి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి ఉంది.

‘పద’ అన్నారు.

బుట్ట కనిపించడం లేదు, ఉండండి అని లోపలికి వచ్చాను. బుట్ట నా పక్కనే ఉంది. ఇది రాస్తున్నాను. వీధిలో వెలుగు వచ్చేస్తోంది. ఎదురింట్లో కోడలు చెంబు కడుగుతున్న చప్పుడు.

బయట డబ్బా ఒకసారి మోగింది. నన్ను పిలవడానికే.

మళ్లీ మోగింది.